చెరువు గట్టు మీదే గంటలో రొయ్యల వైరస్ టెస్ట్ అంటున్నారు, మన వైపు ఎవరైనా వాడారా?

చంపావతి_రైతు

అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం, కోనాడ దగ్గర. మూడు చెరువులు, మొత్తం ఐదున్నర ఎకరాలు, రెండు సొంతం, ఒకటి లీజు. వనామీ రకం రొయ్య వేస్తాం. నీళ్ళు క్రీక్ (సముద్రపు పాయ) నుంచే తోడుకుంటాం, అదే క్రీక్ మీద మాతో పాటు ఇంకో ఇరవై మంది దాకా ఉన్నారు. విషయం కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

పోయిన పంటలో రెండో చెరువు 58వ రోజు, కౌంటు 110 (కేజీకి 110 రొయ్యలు) నడుస్తోంది. ఆదివారం సాయంత్రం మేత వేసిన రెండు గంటలకు చెక్ ట్రే లేపాను. రోజూ తుడిచిపెట్టినట్టు ఉండేది, ఆ రోజు సగం మేత అలాగే ఉంది. అంతకు ముందు రెండు రోజులు ముసురు పట్టింది, ఆ చల్లదనానికి తినలేదేమో అనుకున్నాను. తెల్లవారుజామున టార్చి వేసుకుని గట్టు చుట్టూ తిరిగితే తూము మూలన మూడు రొయ్యలు నీటి పైకి వచ్చి గట్టు వారగా మెల్లగా ఈదుతున్నాయి, చెయ్యి పెట్టినా పారిపోలేదు. ఒకదాని తల పెంకు ఊడదీసి, లోపలి పొరను బొటనవేలితో తుడిచి, వెలుతురుకు పెట్టి చూశాను. ఆవగింజలో సగం ఉండే తెల్ల చుక్కలు, పది పదిహేను. ఒళ్ళు కూడా లేత ఎరుపు తిరిగింది.

పక్క చెరువాయన చూసి ఇది నీళ్ళలో ఆల్కలినిటీ (క్షారం) ఎక్కువై వచ్చిన మచ్చ, జబ్బు కాదు అన్నారు. మేత అమ్మే కుర్రాడు ఫోన్లో ఫోటో చూసి వైట్ స్పాటే, చెరువులు ఊడ్చేసే ఆ వైరస్ జబ్బే అన్నాడు. ఇద్దరి మాటల మధ్య ఎటూ తేల్చుకోలేక శాంపిల్ ఐస్‌లో పెట్టి బస్సులో పంపాను. ల్యాబ్ దూరం, మధ్యలో ఒక సెలవు వచ్చింది, బుధవారం సాయంత్రానికి పాజిటివ్ అని ఫోన్ వచ్చింది. అప్పటికే చచ్చినవి గట్టు చుట్టూ ఎర్రగా పేరుకున్నాయి, వల వేస్తే అడుగు నుంచి వచ్చినవి సగం పైగా మెత్తబడిపోయాయి. సోమవారం రాత్రే పట్టుబడి (రొయ్య మొత్తం పట్టి అమ్మేయడం) పెట్టుకుని ఉంటే మేత బాకీ అయినా తీరేది. ఆ రెండు రోజులే నన్ను ముంచాయి, ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

ఇప్పుడు మళ్ళీ పిల్ల వేయడానికి సిద్ధమవుతున్నాం. మొన్న ఒకాయన చిన్న పెట్టె పట్టుకొచ్చి చూపించాడు. రొయ్య కాలు నలిపి చిన్న ట్యూబులో వేసి, ఆ పెట్టెలో గంట వేడి చేస్తే రంగు మారుతుందట, మారితే వైరస్ ఉన్నట్టట. ల్యాబులో చేసే పీసీఆర్ టెస్ట్ అంత ఖచ్చితం అంటున్నాడు. ఇది నమ్మదగిందేనా? నమ్మితే ఎప్పుడెప్పుడు చేయాలి? ఇంకొకటి, పోయినసారి పిల్లకి హేచరీ (రొయ్య పిల్లను పుట్టించి అమ్మే చోటు) ఇచ్చిన పీసీఆర్ సర్టిఫికెట్ నెగటివ్. అయినా జబ్బు ఎలా వచ్చింది? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఎచ్చెర్ల_ల్యాబ్

తమ్ముడూ, నేను శ్రీకాకుళం వైపు ఒక హేచరీ ల్యాబులో ఎనిమిదేళ్ళుగా పీసీఆర్ చేస్తున్నాను, కాబట్టి ఈ సంగతి కాస్త వివరంగా చెప్పగలను.

ఆయన చూపించింది చాలావరకు ల్యాంప్ అనే పద్ధతి అయి ఉంటుంది. జపాన్ వాళ్ళు 2000లో బయటపెట్టారు. పీసీఆర్‌లో యంత్రం ట్యూబును 90 డిగ్రీల పైకి వేడి చేసి, చల్లార్చి, మళ్ళీ వేడి చేసి, అలా ముప్పై నలభై సార్లు తిప్పుతుంది, ప్రతిసారీ వైరస్ డీఎన్ఏ ముక్క రెట్టింపవుతుంది. ల్యాంప్‌లో ఆ తిప్పడం లేదు, 60 నుంచి 65 డిగ్రీల మధ్య ఒకే వేడి మీద అరగంట నుంచి గంట ఉంచితే చాలు. అందుకే ఖరీదైన యంత్రం అక్కర్లేదు, గట్టు మీద బ్యాటరీ పెట్టెతో కూడా అవుతుంది. వైట్ స్పాట్ డీఎన్ఏ వైరస్ కావడం మనకు ఇంకో సౌకర్యం. ఎల్లో హెడ్, కండ తెల్లబడే ఐఎంఎన్వీ లాంటివి ఆర్ఎన్ఏ వైరస్‌లు, వాటికి ముందు ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చే ఎంజైమ్ కూడా ట్యూబులో ఉండాలి. కాబట్టి వైట్ స్పాట్ కిట్ కొంటే అది వైట్ స్పాట్ ఒక్కదానికే జవాబిస్తుంది, నెగటివ్ వచ్చిందంటే చెరువులో ఏ జబ్బూ లేదని కాదు.

పద్ధతి మంచిదే. మోసం జరిగేది శాంపిల్ దగ్గర. కళ్ళు వేయకండి, రొయ్య కళ్ళలో ఉండే పదార్థం ఈ రియాక్షన్‌ను అడ్డుకుంటుంది, వైరస్ ఉన్నా లేనట్టు చూపిస్తుంది. లివర్ ముక్క కూడా వద్దు, వైట్ స్పాట్ వైరస్ ఆ కణాల్లో పెరగదు. పొట్ట కింద ఈదే కాళ్ళు, మొప్పలు, ఈ రెండే తీసుకోండి. చిన్న పిల్ల అయితే కళ్ళు తీసేసి మిగతాది వాడతాం.

ఎన్ని తీయాలి అనేది ఇంకా ముఖ్యం. చెరువులో వందకు రెండు రొయ్యల్లోనే వైరస్ ఉందనుకో, నువ్వు చెక్ ట్రేలోంచి ఐదు తీస్తే పదింట తొమ్మిది సార్లు ఆ ఐదూ మంచివే పడతాయి. అదే రెండు శాతాన్ని 95 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే 150 రొయ్యలు కావాలి. ఐదు శాతం ఉంటే 60 చాలు. రోజూ ఎవరూ 150 తీయలేరు, నాకు తెలుసు. అందుకే గట్టు వారగా నీరసంగా తిరిగేవి, మేత తిననివి, ఎర్రబడినవి, వాటినే ఏరుకోవాలి. అలాంటివి పది దొరికితే, బాగా ఈదుతున్న వంద కంటే అవే ఎక్కువ సంగతి చెబుతాయి.

పక్క చెరువాయన మాట కూడా పూర్తిగా తప్పు కాదు. ఆల్కలినిటీ ఎక్కువైనా, బ్యాక్టీరియా వల్లనైనా పెంకు మీద తెల్ల మచ్చలు వస్తాయి. వనామీలో అసలు మచ్చ పడకుండానే వైట్ స్పాట్‌తో చచ్చే చెరువులు ఉంటాయి. అంటే కంటితో చూసి అవునన్నా పొరపాటే, కాదన్నా పొరపాటే. టెస్ట్ ఉన్నది అందుకే.

గట్టు_మీద

అక్కా బాగా చెప్పారు. మేం సంతబొమ్మాళి వైపు పదకొండు మంది కలిసి రెండేళ్ళ కిందట ఒక పెట్టె కొన్నాం, ట్యూబులు ఎప్పటికప్పుడు తెప్పించుకుంటాం. వాడిన అనుభవం రాస్తాను.

మొదటి దెబ్బ మా చేతుల వల్లే తగిలింది. ఒక రోజు నాలుగు చెరువుల శాంపిల్స్ పెడితే నాలుగూ పాజిటివ్. ఊరంతా టెన్షన్, ఒకాయన అప్పుడే వల వాళ్ళకి ఫోన్ చేసేశాడు. అప్పుడు మాలో ఒక కుర్రాడు ఉత్త నీళ్ళు వేసిన ట్యూబు చూపించాడు, అది కూడా రంగు మారింది. నీళ్ళలో వైరస్ ఎక్కడిది? విచారిస్తే తేలింది, అంతకు ముందు వారం పాజిటివ్ వచ్చిన ట్యూబు మూత ఎవరో తీసి చూశారు. గంటలో ఆ ట్యూబులో కోట్ల కొద్దీ డీఎన్ఏ ముక్కలు తయారై ఉంటాయి, మూత తీస్తే గాల్లోకి, బల్ల మీదకి, చేతికి అంటుకుంటాయి, ఇక ఆ గదిలో ఏం పెట్టినా పాజిటివే. గది మార్చాం, బల్ల బ్లీచింగ్ నీళ్ళతో తుడిచాం, కొత్త ట్యూబులు తెప్పించాం. మళ్ళీ పెడితే నాలుగూ నెగటివ్.

అప్పటి నుంచి శాంపిల్ నలిపేది ఒక చోట, వేడి పెట్టేది ఇంకో చోట. చెరువుకో కొత్త బ్లేడు, కొత్త గ్లవ్స్. ప్రతిసారీ ఒక ఉత్త నీళ్ళ ట్యూబు, కిట్‌తో వచ్చే పాజిటివ్ ట్యూబు ఒకటి పక్కన పెడతాం. నీళ్ళది మారకూడదు, పాజిటివ్‌ది మారాలి, ఈ రెండూ సరిగ్గా వస్తేనే మధ్యలో ఉన్న మన ట్యూబులను నమ్ముతాం. అయిపోయాక మూత తీయకుండానే సంచిలో కట్టి పారేస్తాం.

ఎచ్చెర్ల_ల్యాబ్

@గట్టు_మీద మీరు రాసింది ప్రతి రైతూ చదవాలి, పెద్ద ల్యాబుల్లో కూడా ఇదే పొరపాటు జరుగుతుంది. ఒక్క మాట కలుపుతాను. గులాబీ నుంచి పసుపుకు మారే కిట్ అయితే అది పులుపును చూసి రంగు మారుస్తుంది, డీఎన్ఏ పెరిగేకొద్దీ ట్యూబులో పులుపు పెరుగుతుంది కాబట్టి. కానీ ఐస్ కరిగి పాడైన రొయ్య వేస్తే వేడి పెట్టకముందే రంగు తిరగవచ్చు. శాంపిల్ కలపగానే ఒకసారి చూడండి, అప్పటికే పసుపు ఉంటే ఆ ట్యూబు పనికిరాదు. ఊదా నుంచి నీలానికి మారే రకంలో ఈ గొడవ తక్కువ, కాకపోతే సాయంత్రం దీపం వెలుగులో ఆ రెండు రంగులకూ తేడా తెలియదు, తెల్ల కాగితం మీద పెట్టి పగటి వెలుతురులోనే చూడాలి.

పాజిటివ్ వస్తే అదే రొయ్యల కాళ్ళు కొన్ని 95 శాతం ఆల్కహాల్‌లో వేసి ల్యాబుకు కూడా పంపండి. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్ఏ పాడవుతుంది, మేం ఏమీ చేయలేం. ల్యాబులో రియల్ టైమ్ పీసీఆర్ అయితే వైరస్ ఎంత ఉందో కూడా చెబుతుంది. రిపోర్టులో సీటీ అని ఒక అంకె ఉంటుంది, అది తక్కువైతే వైరస్ ఎక్కువ. సుమారు 3.3 తగ్గిందంటే వైరస్ పది రెట్లు పెరిగినట్టు. 34 ఉన్న చెరువు, 18 ఉన్న చెరువు రెండూ కాగితం మీద పాజిటివే, కానీ ఒకదానిలో ఇంకా ఆలోచించుకునే సమయం ఉంది, రెండోదానిలో వలలు ఎత్తాల్సిందే.

పాత_టైగర్

నాకు అరవై దాటాయి బాబూ, వనామీకి ముందు టైగర్ రొయ్య వేసిన కాలం నుంచి చూస్తున్నాను. 1994, 95లో ఈ జబ్బు మన తీరానికి మొదటిసారి వచ్చినప్పుడు దానికి పేరు కూడా తెలీదు. పొద్దున్న చూసిన చెరువు సాయంత్రానికి లేదు. ఒకాయన సున్నం వేయమన్నాడు, ఇంకొకాయన మందు కలిపిన మేత వేయమన్నాడు, అన్నీ వేశాం, డబ్బు పోయింది, రొయ్యా పోయింది. మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అందుకే ఈ గంట టెస్ట్ అంటే నాకు ప్రాణం లేచి వస్తుంది. కాకపోతే ఒకటి అడుగుతాను, పాజిటివ్ అని తెలిశాక ఏం చేస్తావో ముందే అనుకున్నావా? అది అనుకోకపోతే గంటలో తెలిసినా మూడు రోజులకు తెలిసినా ఒకటే. నేను చూసిన చాలామంది, తెలిశాక కూడా ఇంకో రోజు చూద్దాం అని ఆగినవాళ్ళే.

భోగాపురం_బాబ్జీ

అందరూ మంచి మాటలు చెబుతున్నారు గానీ అసలు సంగతి ఎవరూ అనడం లేదు. పాజిటివ్ అని బయటికి తెలిస్తే కొనేవాడు కేజీకి రేటు కోస్తాడు. లీజు ఇచ్చినాయన గొడవ పెడతాడు. అందుకే చాలామంది రాత్రికి రాత్రి తూము ఎత్తి నీళ్ళు వదిలేసి పట్టుబడి చేసేస్తారు. తప్పని నాకూ తెలుసు. అప్పులో ఉన్నవాడు ఏం చేస్తాడు చెప్పండి?

గట్టు_మీద

@భోగాపురం_బాబ్జీ మీ బాధ నిజం, కాదనను. కానీ ఆ వదిలిన నీళ్ళు ఎక్కడికి పోతాయి అన్నా? క్రీక్‌లోకి. పోటు వస్తే అవే నీళ్ళు పక్కవాడి మోటారు లాక్కుంటుంది. మనిషికి వైట్ స్పాట్ అంటదు, తింటే ఏమీ కాదు, ముందే పట్టుకున్న రొయ్య గట్టిగా ఉంటుంది, కొనేవాడికి అదే ముఖ్యం. రేటు కోసేది మెత్తబడ్డాక.

మాకు నిజమైన పాజిటివ్ పోయిన డిసెంబరులో వచ్చింది, మా బావ చెరువు, 34వ రోజు, ఎకరంన్నర. పట్టినా అమ్ముడుపోయే సైజు కాదు. రాత్రి ఎనిమిదింటికి రంగు మారింది, రెండో రౌండు పెట్టి పదింటికి ఖాయం చేసుకున్నాం, పదిన్నరకి వాట్సాప్ గ్రూపులో పెట్టాం. ఆ రాత్రే అందరూ క్రీక్ మోటార్లు ఆపేశారు. చుక్క నీరు బయటికి వదల్లేదు, తూముకి మట్టి కొట్టి బ్లీచింగ్ వేశాం.

ఎంత వేయాలో లెక్క రాస్తాను, అవసరం పడకూడదనే కోరుకుంటాను. ఎకరం చెరువులో మీటరు లోతు నీళ్ళంటే సుమారు 4000 ఘనపు మీటర్లు, అంటే 1 పీపీఎంకి (పది లక్షల్లో ఒక వంతుకి) 4 కిలోలు. 30 పీపీఎం క్లోరిన్ కావాలంటే 120 కిలోల క్లోరిన్. బ్లీచింగ్ పౌడరులో 30 శాతమే క్లోరిన్ కాబట్టి 400 కిలోల పౌడరు, 25 కిలోల బస్తాలు పదహారు. ఎకరంన్నరకి ఇరవై నాలుగు. వర్షాకాలం నుంచి షెడ్డులో పడున్న బస్తా అయితే అందులో సగం బలం కూడా ఉండదు, విప్పగానే ముక్కుకి ఘాటు కొట్టాలి. కొట్టకపోతే అది సున్నంతో సమానం. మా బావ దగ్గర ఉన్నవి అలాంటివే, అర్ధరాత్రి నలుగురి దగ్గర బస్తాలు అప్పు తెచ్చి వేశాం. వారం పైగా నీళ్ళు అలాగే నిలబెట్టాం. చచ్చినవి పక్షులు ఎత్తుకుపోకుండా ఇద్దరు కుర్రాళ్ళను కాపలా పెట్టి, ఏరి గోతిలో సున్నం వేసి పూడ్చాం. ఒక కాకి ముక్కున పట్టుకెళ్ళి పక్క చెరువులో పడేస్తే చాలు కదా.

మా బావకి ఆ పంట మొత్తం పోయింది. ఆయన ఒక్క మాట అనలేదు. మిగిలిన పది మందిలో ఎవరికీ రాలేదు, తర్వాత పంటకి పిల్ల డబ్బులు ఆ పది మందీ తలా కొంత వేసుకుని ఇచ్చాం. బాబ్జీ అన్నా, అప్పులో ఉన్నవాడు ఏం చేస్తాడు అని అడిగారు కదా, ముందే ఇలా ఒప్పందం రాసుకుంటే దాచాల్సిన పని ఉండదు.

భోగాపురం_బాబ్జీ

ఇది నేను వినలేదు. మా దగ్గర అంత కట్టు లేదు. అయినా అడిగి చూస్తాను.

చంపావతి_రైతు

అందరికీ చాలా థాంక్స్. అక్కా, పిల్ల సర్టిఫికెట్ సంగతి కూడా చెప్పరా? పోయినసారి నెగటివ్ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.

ఎచ్చెర్ల_ల్యాబ్

ఆ కాగితం అబద్ధం అని అనను. ట్యాంకులో లక్షల పిల్ల ఉంటుంది, ఎన్ని తీసి పరీక్షించారు, ఎవరు తీశారు, ఏ రోజు తీశారు, కాగితం ఆ కొన్నింటికే సాక్ష్యం. ఈసారి ప్యాకింగ్‌కి ముందు నువ్వే వెళ్ళి ట్యాంకు నాలుగు వైపుల నుంచీ 150 తీయించి, నీ కళ్ళ ముందే ఆల్కహాల్‌లో వేయించు. ఇంకో ల్యాబులో కూడా చేయించు.

వనామీ సాగుకు 2009లో మన దేశంలో అనుమతి వచ్చినప్పటి నుంచి ఎస్పీఎఫ్ అనే మాట అందరి నోటా ఉంది. ఎస్పీఎఫ్ అంటే ఫలానా జబ్బులు లేకుండా పెంచిన తల్లి అని అర్థం, జబ్బు రాదని కాదు. చెన్నైలో క్వారంటైన్ దాటి వచ్చిన తల్లి ఎంత శుభ్రమైనదైనా, దాని పిల్ల నీ చెరువులోకి వచ్చాక క్రీక్ నీళ్ళలో వచ్చే పీతలు, అడవి రొయ్య పిల్లలు వైరస్‌ను మోసుకొస్తాయి. పీతలకు పెద్దగా ఏమీ కాదు, మోస్తూ తిరుగుతాయి. చెరువు చుట్టూ పీతల కంచె వేశావా? నీళ్ళు రిజర్వాయర్‌లో పట్టి బ్లీచింగ్ చేసి నాలుగైదు రోజులు నిలబెట్టి తోడావా, నేరుగా తోడేశావా? నువ్వు రాసిన మొత్తంలో నాకు అనుమానం ఉన్నది అక్కడే.

రొయ్యలో వైరస్ కొద్దిగా ఉండి చాలా రోజులు బయటపడకపోవచ్చు. ముసురు పట్టి నీళ్ళు చల్లబడినా, ఉప్పదనం ఒక్కసారి పడిపోయినా, రాత్రి ఆక్సిజన్ తగ్గినా లేచి కూర్చుంటుంది. నీకు రెండు రోజుల ముసురు వెనకాలే మేత మిగిలింది, గమనించావా? కాబట్టి టెస్ట్ నెలకోసారి క్యాలెండర్ చూసి చేయడం కాదు. వాన వెలిసిన మర్నాడు చేయి. పక్క చెరువులో చావులు విన్నప్పుడు చేయి. కారణం లేకుండా ట్రేలో మేత మిగిలితే ఆ పూటే చేయి. రిజర్వాయర్ ముఖాన తిరిగే పీతలు నాలుగు పట్టి వాటి మొప్పలు కూడా వేసి చూడు, చెరువులో రొయ్య కంటే ముందు అవే చెప్పవచ్చు.

ఇంకో మాట. మేత తినడం తగ్గకుండా రొయ్య పెరగడం ఆగిపోయి, తెల్లటి పెంట నీటి మీద తేలుతుంటే అది వైట్ స్పాట్ కిట్‌తో తేలే విషయం కాదు. ఈహెచ్‌పీ అయి ఉండవచ్చు, అది వైరస్ కాదు, లివర్‌లో చేరే సూక్ష్మజీవి. దానికి లివర్ ముక్కే కావాలి, వేరే కిట్ కావాలి. ఇది కలిపేసుకుని కిట్ పనిచేయలేదని తిట్టేవాళ్ళను చాలామందిని చూశాను.

పాత_టైగర్

నేరుగా తోడి ఉంటావు బాబూ. అందరం అలాగే తోడాం ఒకప్పుడు.

చంపావతి_రైతు

అవును బాబాయ్, నేరుగానే తోడాను. లీజు చెరువుకి రిజర్వాయర్ లేదు, సొంత చెరువులు రెండింట్లో ఒకటి రిజర్వాయర్ చేస్తే పంట తగ్గుతుందని ఆగాను. ఈసారి చిన్నది రిజర్వాయర్ చేసేస్తున్నాను.

చంపావతి_రైతు

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. క్రీక్ మీద ఉన్న ఇరవై మందినీ రామాలయం అరుగు మీద కూర్చోబెట్టాను, పద్నాలుగు మంది ఒప్పుకున్నారు, పెట్టె కొన్నాం. ఎవరి చెరువులో రంగు మారినా ఆ గంటలోనే గ్రూపులో పెట్టాలి, మిగిలినవాళ్ళు మోటార్లు ఆపాలి, పోయినవాడికి పిల్ల డబ్బులు తలా కొంత వేయాలి, ఇది కాగితం మీద రాసి సంతకాలు పెట్టాం. బ్లీచింగ్ బస్తాలు నలభై కొత్తవి ఒకే చోట ఉంచాం, తాళం ఇద్దరి దగ్గర ఉంటుంది.

పిల్ల వేసే ముందు పీతలు పట్టి పెట్టాం. ఆరు పీతల్లో ఒకదానికి రంగు మారింది, నీళ్ళ ట్యూబు మారలేదు. ల్యాబుకి పంపితే వాళ్ళూ పాజిటివ్ అన్నారు. అది మా తూము దగ్గర పట్టిన పీత. కంచె మళ్ళీ మొత్తం తిప్పి కట్టించి, రిజర్వాయర్ నీళ్ళు ఇంకోసారి బ్లీచింగ్ చేసి, పది రోజులు ఆలస్యంగా పిల్ల వేశాను. ఈ రోజు 17వ రోజు. రాత్రి వాన పడింది, పొద్దున్నే గట్టు వారగా ఏరిన పన్నెండు పెట్టాం, అన్నీ నెగటివ్. అప్పుడు ఒప్పుకోని ఆరుగురిలో ఇద్దరు మధ్యాహ్నం వచ్చి వాళ్ళ చెరువు శాంపిల్ కూడా పెట్టమని అడిగారు. పెట్టాం.